దర్శనం అంటే నడుము కొలత కాదు



ఈ మధ్య మన యవనస్థుల ఫోన్లలోకి కొత్త బోధ ఒకటి వచ్చింది. బరువు తగ్గాలన్నా, కండలు పెంచాలన్నా ముందు దేవుని దగ్గర దర్శనం పొందాలట. ఎన్ని కిలోలు తగ్గాలో కాగితం మీద రాసి, గోడకు అంటించి, విశ్వాసంతో ఒప్పుకుంటే జరిగి తీరుతుందట. రుజువుగా సామెతలు 29:18, హబక్కూకు 2:2 చూపిస్తారు. వాక్యాన్ని ఇలా వాడుకోవడం మాకు సమ్మతం కాదు.

సామెతల వచనాన్ని ఇంగ్లీషులో చదివి బోధిస్తున్నారు కాబట్టి విజన్ అనగానే లక్ష్యం గుర్తొస్తుంది. మన తెలుగు బైబిలు తెరవండి. అక్కడున్న మాట దేవోక్తి. హెబ్రీలో హజోన్, అంటే ప్రవక్తకు దేవుడు బయలుపరచినది. ఆ వచనం రెండో సగమంతా ధర్మశాస్త్రం గురించే. ఇక హబక్కూకు పలకల మీద రాసింది, కల్దీయుల దండును తలచుకుని వణికిపోతున్నవాడికి దేవుడిచ్చిన జవాబు. దేహం ఆలయమన్న మాటను జిమ్ గోడల మీద రాసుకుంటున్నారు. 1 కొరింథీ 6లో పౌలు మాట్లాడుతున్నది జారత్వం గురించి. పై వచనాలు చదివే ఓపిక లేనివారు ఆ ఒక్క మాట ఎత్తుకుపోతారు.

ఇది చదివి కొందరు పెద్దలు సంతోషిస్తారని తెలుసు. "శరీరం మట్టే కదా అయ్యగారూ, ఆత్మను చూసుకుంటే చాలు" అనేవారు. వారితో మాకు ఇంకా పెద్ద తగాదా ఉంది. వారు పట్టుకునేది 1 తిమోతి 4:8. శరీర సాధకం వల్ల ప్రయోజనం కొంచెమే అన్నాడు పౌలు, అసలు లేదనలేదు. ఆ పౌలే కొరింథీయులకు పందెగాళ్లను చూపించాడు. కొరింథు దగ్గరే రెండేళ్లకోసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి. గెలిచినవాడికి దక్కేది నాలుగు రోజుల్లో వాడిపోయే ఆకుల కిరీటం. దానికోసమే వాళ్లు అన్ని విషయాల్లో మితంగా ఉంటే, నేను సువార్త కోసం నా శరీరాన్ని లోపరచుకోనా అన్నది ఆయన వాదం.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. పట్నం జబ్బు అనుకునే రోజులు పోయాయి, గృహకూడికకు వెళ్తే కిటికీలో బైబిలు పక్కనే మాత్రల డబ్బా. సేవకుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటింటికీ పంచదార టీ, ఆదివారం కోడికూర, పక్క పేటకైనా బండి. నలభై ఏళ్లకే మోకాళ్లూనలేక కుర్చీ వేయించుకునే కాపరి మోకాళ్ల ప్రార్థన గురించి ప్రసంగిస్తున్నాడు! ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటి శ్రమ. పేటకు నడిచి వెళ్లి ప్రార్థన చేసి వస్తే సరిపోతుంది.

అయితే పొద్దంతా నాట్లు వేసి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించే అక్కకు వ్యాయామం మీద ప్రసంగం చేయకండి. ఆమెకు కావలసింది గుడ్డు, పప్పు, నిద్ర. ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దూత గద్దించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ఆ బలంతోనే ఆయన 40 రోజులు హోరేబుకు నడిచాడు.

యవనస్థులారా, లక్ష్యం పెట్టుకోండి, తప్పు లేదు. కిలోల పక్కన ఈ బలం ఎవరి కోసమో కూడా రాయండి. మంచాన పడ్డ తాతను ఆటో దాకా ఎత్తుకెళ్లాలి. సమాధుల తోటలో గుంట తవ్వాలి. సంఘంలో ఆ పనులకు పిలిస్తే వచ్చేవారు తగ్గిపోతున్నారు.

ఇంకొక మాట. ఇన్సులిన్ వేసుకునేవారిని రోజంతా ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి, కళ్లు తిరిగి పడిపోతే అభిషేకం దిగిందనే సేవకులున్నారు. అది రక్తంలో చక్కెర పడిపోవడం. ప్రాణం పోవచ్చు. మాత్రలు మానేసి విశ్వాసం చూపించమనే అధికారం ఏ కాపరికీ లేదు. తిమోతి కడుపు జబ్బుకు కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు పౌలు. శుక్రవారం ఉపవాస కూడికకు షుగర్ ఉన్నవారు డాక్టరు చెప్పినట్టు తిని, మందు వేసుకుని రండి. జేబులోనో కొంగునో ఒక బెల్లం ముక్క ఉంచుకోండి. తిని వచ్చామని వెనక వరుసలో కూర్చోనక్కర్లేదు.