గోదాము కొలువుకు అరువు బయోడేటాలా?

హైదరాబాదు చుట్టూ శంషాబాద్, మేడ్చల్, పటాన్‌చెరు వైపు పెద్ద పెద్ద గోదాములు వెలిశాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక పన్ను కోసం రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకునే అవసరం కంపెనీలకు తగ్గింది. పెద్దవి కట్టుకుంటున్నాయి. నల్లగొండ జిల్లా పల్లెల నుంచి పది, ఇంటర్ చదివిన యువకులు ఈ కొలువులకు పోతున్నారు. పోవడం మంచిదే. వారు చేతబట్టుకొని పోయే బయోడేటా చూస్తేనే బాధ కలుగుతుంది.

మండల కేంద్రంలోని జిరాక్స్ షాపులో ఒక బయోడేటా సిద్ధంగా ఉంటుంది. పేరు, ఊరు మార్చి పది నిమిషాల్లో చేతికిస్తారు. పైన 'లక్ష్యం' అంటూ ఇంగ్లీషులో నాలుగు పంక్తులు. వాటి అర్థమేమిటని ఇంటర్వ్యూలో అడిగితే మనవాడు నేలచూపులు చూస్తాడు. కింద హాబీలు క్రికెట్, పాటలు వినడం. అనుభవం అన్నచోట 'ఫ్రెషర్'. షాపు అతన్ని తప్పుపట్టి లాభం లేదు. చేసిన పని ఇదీ అని అతనికి చెప్పినవారెవరు?

నిజంగా వీరు ఫ్రెషర్లా? ఊరి వడ్ల కొనుగోలు కేంద్రంలో రెండు సీజన్లు కాంటా దగ్గర నిలబడ్డవాడు తేమ 17 శాతం దాటిందో లేదో యంత్రంలో చూశాడు. సంచులు తూకం వేయించాడు. లారీకి ఎన్ని ఎక్కాయో లెక్కించి ట్రక్‌షీట్‌తో సరిచూశాడు. మిల్లు దగ్గర రెండు సంచులు తక్కువయ్యాయంటే జవాబు చెప్పుకున్నదీ అతడే. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు పేర్చినవారు, బత్తాయి సీజనులో కాయలు గ్రేడు చేసి లోడు పంపినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. మహిళా సంఘం లెక్కలు రాసే చెల్లెళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

గోదాములో చేయించేదీ ఇదే. వచ్చిన సరుకును లెక్కతో సరిచూడాలి. దెబ్బతిన్నది పక్కన పెట్టాలి. మిగిలినది దాని చోటులో పేర్చి, అడిగినప్పుడు తీసి ప్యాక్ చేసి, లారీకెక్కించి లెక్క అప్పజెప్పాలి. చీటీ బదులు స్కానర్ ఉంటుంది. దాన్ని పట్టడం కొద్ది రోజుల్లో వస్తుంది. లెక్క తప్పని అలవాటు మాత్రం అంత త్వరగా రాదు. అది మనవారికి ముందే ఉంది, కాగితం మీదనే లేదు.

కాబట్టి ఒక్క పేజీ చాలు. పేరు, ఫోను నంబరు కింద నేరుగా పని రాయాలి. 'ఫలానా ఊరి కొనుగోలు కేంద్రం, 2024 యాసంగి, తూకం, సంచుల లెక్క, లారీ లోడింగు, రోజుకు సుమారు ఇన్ని సంచులు' అని నిజమైన అంకెతో రాయాలి. రాత్రి షిఫ్టుకు రాగలరా, హిందీ మాట్లాడగలరా, బండి లైసెన్సు ఉందా అన్నవీ రాయాలి. కులం, మతం అక్కరలేదు. ఆధార్ నంబరు అసలే వద్దు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో ఎవరికెరుక?

రానిది వచ్చునని మాత్రం రాయకూడదు. ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కని వాడు నడపగలనని రాసి, టన్ను బరువు మనుషుల మధ్య ఎత్తితే ప్రాణాల మీదికి వస్తుంది. ఇదివరకు పీఎఫ్ కోసిన చోట పనిచేసినవారు చేరిన నెల, మానిన నెల సరిగా రాయాలి. ఎక్కడ చేరినా యూఏఎన్ నంబరు ఒక్కటే కనుక అబద్ధం దాగదు. ఇక 'బయోడేటా ఇవ్వు, అయిదు వేలు కట్టు, ఉద్యోగం ఖాయం' అనేవాడికి పైసా ఇవ్వవద్దు.

కేంద్రాలు నడిపే మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు, మిల్లుల వారికి ఒక విన్నపం. వీరు చేసిన పనికి రుజువు మీ దగ్గరే ఉంది. ఫలానా వ్యక్తి ఇన్ని రోజులు ఈ పని చేశాడని రెండు పంక్తులు రాసి, ముద్ర వేసి ఇస్తే మీకు పోయేదేమీ లేదు. ఉపాధి కల్పన అధికారులు కూడా జాబ్ మేళాలకు ముందు ఈ సంగతి కేంద్రాలకు తెలియజేయాలి. సీజను ముగిసి కూలి లెక్క చూసే రోజునే ఆ కాగితం చేతికిస్తే మళ్లీ మళ్లీ తిరిగే పని తప్పుతుంది.