మంత్రాల పుస్తకంలో మందు దొరుకుతుందా?

ముప్పది రోజులలో హిందీ, ముప్పది రోజులలో కుట్టుపని అన్నట్టుగానే, గురువు అవసరం లేకుండా ఇంట్లో కూర్చుని మంత్రతంత్రాలు నేర్చుకొనవచ్చునని చెప్పే పుస్తకాలు మన ప్రాంతంలో చాలాకాలంగా అమ్ముడవుతున్నాయి. జాతరలలోను, బస్టాండు దుకాణాలలోను పంచాంగాల ప్రక్కన, వంటల పుస్తకాల ప్రక్కన ఇవి కనబడతాయి. వీటికి తోడు ఇటీవల ‘విక్కా’ అనే పాశ్చాత్య మంత్రవిద్యను మొదటి పాఠం నుంచి బోధించే ఆంగ్ల గ్రంథాలు కూడా మధ్యతరగతి ఇళ్ళలో ప్రవేశిస్తున్నాయి. విదేశాలలో చదువుకొనే పిల్లలు సెలవులకు వస్తూ వెంట తెచ్చుకొంటున్నారు. ఈ రెండు రకాల పుస్తకాలలోను మూలికల పేర్లు నిండుగా ఉంటాయి. అందువల్ల ఇది కూడా మన గృహవైద్యం వంటిదే గదా అని భావించేవారున్నారు. ఆ భావన ఎంతవరకు సమంజసమో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి కాను. రాయికల్‌లో ఉంటూ, ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన తరువాత ఆయుర్వేద గ్రంథాలు చదవడం, పెరటిలో ఔషధ మొక్కలు పెంచడం అలవాటు చేసుకొన్నవాణ్ణి. ఆ పేరు పడినందువల్ల ఇరుగుపొరుగువారు ఏ పాత పుస్తకం దొరికినా తెచ్చి నా ముందుంచుతారు. అలా ఈ రెండు రకాల పుస్తకాలూ నా చేతికి వచ్చాయి. శ్రద్ధగా చదివాను. చదివిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే. మంత్రం ఫలిస్తుందా, ఫలించదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఇంట్లో ఒకరికి జబ్బు చేసినప్పుడు దాని కారణాన్ని ఎక్కడ వెతకమని ఆ పుస్తకం చెబుతున్నది? ఇదే అసలు ప్రశ్న.

విక్కా కథ

విక్కా అతి ప్రాచీనమైనదని చెప్పుకొంటారు గాని, ఇప్పుడున్న రూపంలో అది గత శతాబ్దం మధ్యకాలంలో ఇంగ్లండులో వెలుగు చూసింది. ఆ దేశంలో 1735 నుంచి అమలులో ఉన్న మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయింది. మలయాలో సుంకాల శాఖలో ఉద్యోగం చేసి స్వదేశం చేరిన జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో ‘విచ్‌క్రాఫ్ట్ టుడే’ అనే గ్రంథం ప్రకటించాడు. మొదట్లో ఆ విద్య చిన్న చిన్న బృందాలలో, దీక్ష ఇచ్చే పెద్దల వద్దనే సాగేది. అమెరికాలో రేమండ్ బక్లాండ్ 1986లో దానిని పాఠాలుగా విభజించి పెద్ద పుస్తకంగా వెలువరించాడు. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ఒంటరిగా సాధన చేయదలచినవారి కోసమే ఒక మార్గదర్శిని వ్రాశాడు. అంతటితో గురువు స్థానాన్ని పుస్తకం ఆక్రమించింది. మన దేశంలో కలకత్తాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి తాను విక్కా సాధకురాలినని బహిరంగంగా ప్రకటించి ఆత్మకథ కూడా వ్రాశారు.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఈ విక్కా పుస్తకాలలో భయపడవలసినది తక్కువ. ఋతువుల ననుసరించి ఏడాదికి ఎనిమిది పండుగలు, చంద్రకళల లెక్క, కొవ్వొత్తులు, ధూపాలు, మూలికలు, ఏకాగ్రత కోసం ధ్యానం — ఇవే అందులోని విషయాలు. ఎవరికీ హాని తలపెట్టరాదన్నది వారు చెప్పుకొనే ముఖ్య నియమం. కనుక కళాశాలలో చదివే అమ్మాయి గదిలో ఇటువంటి పుస్తకం కనబడినంత మాత్రాన తల్లిదండ్రులు హడలిపోయి, పిల్లకు ఏదో సోకిందని భూతవైద్యుని పిలిపించడం మాత్రం పుస్తకం కంటె పెద్ద ప్రమాదం.

మూలిక ఒకటే, శాస్త్రం వేరు

అయినప్పటికీ ఆ పుస్తకాలను వైద్య గ్రంథాలుగా ఎంచడం పొరపాటు. అదే కన్నింగ్‌హామ్ 1985లో మాంత్రిక మూలికల నిఘంటువు ఒకటి వెలువరించాడు. అందులో ప్రతి మొక్కకూ ఒక గ్రహం, ఒక భూతతత్త్వం, ప్రేమ, ధనప్రాప్తి, రక్షణ వంటి ఒక ‘శక్తి’ చెప్పబడి ఉంటాయి. మన ద్రవ్యగుణ శాస్త్రం మొక్కను పరిశీలించే తీరు వేరు. రసం, గుణం, వీర్యం, విపాకం, ప్రభావం అని ఐదు విధాల పరీక్షించి, ఏ భాగం వాడాలి, ఎంత మోతాదు, ఏ అనుపానంతో, ఏ వేళ, ఎవరికి ఇవ్వరాదు అనే వరకూ వెళుతుంది. తులసి ఆకు రసం తేనెతో కలిపి దగ్గుకు ఇచ్చే తల్లికి ఆ మోతాదు తెలుసు. తులసి ఇంట్లో ఉంటే ధనం వస్తుందని చెప్పే పుస్తకానికి మోతాదుతో పని లేదు.

మోతాదు లేని విద్య మన తెలుగు తంత్ర పుస్తకాలలో మరింత ప్రమాదకరంగా ఉన్నది. నా వద్దకు వచ్చిన ఒక పుస్తకంలో, ఎదుటివారి మనస్సు మరల్చడానికి ఉమ్మెత్త గింజలు ఆహారంలో కలిపి పెట్టమని వ్రాసి ఉంది. ఎన్ని గింజలో, శుద్ధి ఎలాగో ఒక్క మాట లేదు. ఉమ్మెత్త గింజలను మూటగట్టి దోలాయంత్రంలో ఆవుపాలతో ఉడికించి శోధించిన తరువాత గాని వైద్యులు ఔషధంలో చేర్చరు. మన దేశపు ఔషధ నిబంధనలలో విషద్రవ్యాల పట్టికలో ఉమ్మెత్త, విషముష్టి, గురిగింజ ఉన్నాయి.

శోధించని ఉమ్మెత్త కడుపులోకి పోతే ఏమవుతుంది? నోరు పిడచగట్టుతుంది. కనుపాపలు పెద్దవై చూపు మసకబారుతుంది. ఒళ్ళు కాలిపోతుంది. మూత్రం బిగిస్తుంది. మనిషి లేనిదానిని చూస్తూ, గాలిలో దేనినో పట్టుకొంటూ, సంబంధం లేని మాటలు మాట్లాడతాడు. చూచేవారికి ఇది అచ్చంగా గాలి సోకినట్టే ఉంటుంది! యూరప్ ఖండంలో పూర్వం మంత్రగత్తెలు ఒంటికి రాసుకొని ఆకాశయానం చేస్తారని చెప్పిన లేపనాలలో కూడా ఖురాసానీ వాము, బెల్లడోనా వంటి ఇదే కుటుంబపు మొక్కలనే చరిత్రకారులు పేర్కొన్నారు. మంత్రం చేసిందనుకొన్న పనిని అక్కడా ఇక్కడా విషమే చేసింది. ఇటువంటి లక్షణాలు కనబడితే దిష్టి తీస్తూ కాలయాపన చేయక, తిన్న గింజలో ఆకులో మిగిలి ఉంటే వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి చేరాలి.

పేరు చెప్పే పుస్తకం

విషం కంటె కూడా నన్ను కలవరపెట్టేది మరొకటి ఉన్నది. ఈ తంత్ర పుస్తకాలలో ‘ప్రయోగం చేసినవారిని కనుగొను విధానం’, ‘శత్రు నివారణ’ అని అధ్యాయాలుంటాయి. అంటే, జబ్బుకు కారణం ఒక మనిషి అని ముందే నిర్ణయం జరిగిపోయింది; ఇక మిగిలినది ఆ మనిషి పేరు మాత్రమే. ఆ పేరు ఎవరిదవుతుంది? ఒంటరిగా బ్రతికే ముసలమ్మది, ఆస్తి తగాదా ఉన్న దాయాదిది, లేదా నాలుగు మూలికలు తెలిసిన నాటువైద్యునిది.

దీని పర్యవసానం మన జిల్లా ప్రజలకు నేను చెప్పనక్కరలేదు. 2020 నవంబరులో మల్యాల మండలం బల్వంతాపూర్‌లో, బంధువు మరణానికి చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును సజీవంగా దహనం చేశారు. 2022 జనవరిలో జగిత్యాల టి.ఆర్. నగర్‌లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కుమారులను హత్య చేశారు. తెలంగాణ పల్లెలలో మంత్రం పలుకకుండా ఉండాలని అనుమానితుల పళ్ళు ఊడగొట్టిన అమానుష సంఘటనలు అనేకం జరిగాయి. ఒకసారి మా వీధిలోనే ఒక పసిబిడ్డకు జ్వరం తగ్గకపోతే, నా ఇంట ఉన్న పాత పుస్తకాలను గురించి, పెరటిలోని తెల్లజిల్లేడును గురించి గుసగుసలు బయలుదేరాయి. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలిన తరువాత గాని అవి సద్దుమణగలేదు. ఆ పరీక్ష ఒక వారం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకొంటాను.

చట్టాలు లేకపోలేదు. తాయెత్తులు, మంత్రాలు, కవచాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని కేంద్ర ప్రభుత్వం 1954 నాటి చట్టంలోనే నిషేధించింది. మహారాష్ట్ర 2013లోను, కర్ణాటక 2017లోను ఇటువంటి దురాచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి. అయితే అనుమానం మొదట పుట్టేది ఇంటి వసారాలో, రోగి మంచం ప్రక్కన. అక్కడికి చట్టం ఆలస్యంగా గాని రాదు. అక్కడ ఉండేది మనమే.

శాస్త్రం ఏమంటున్నది?

ఆయుర్వేదంలో మంత్రాలు లేవా, భూతవిద్య ఎనిమిది అంగాలలో ఒకటి కాదా అని ఎవరైనా అడుగవచ్చు. నిజమే, దాచవలసిన పని లేదు. చరక సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా చెప్పారు. మంత్రం, జపం, మణిధారణ మొదటి దానిలో ఉన్నాయి. కాని అదే చరకం నిదానస్థానం 7వ అధ్యాయంలో ఉన్మాదాన్ని, గ్రహబాధలను వివరంగా చెప్పి, చివరకు మనిషి తన ప్రజ్ఞాపరాధం వల్ల కలిగిన రోగానికి దేవతలను, పితృదేవతలను, రాక్షసులను నిందించరాదని బోధిస్తుంది. దేవతలనే నిందించవద్దన్న శాస్త్రం ప్రక్కింటి మనిషిని నిందించమంటుందా?

దిష్టి తీయడాన్ని నేను తప్పుపట్టను. ఉప్పు, ఎండుమిరపకాయలు మూడుమార్లు త్రిప్పి పొయ్యిలో వేసే తల్లి, ఇంటివారి కన్ను, బయటివారి కన్ను, చివరకు తన కన్ను కూడా కలిపి అందరి పేరిట తీస్తుంది. ఒక్కరిని వేలెత్తి చూపదు. కొండగట్టు స్వామి సన్నిధిలో కొన్నాళ్ళుంటే మతి కుదుటపడుతుందని నమ్మి వెళ్ళేవారినీ నేను వారించను. డాక్టరు ఇచ్చిన మాత్రలు సంచిలో పెట్టుకొని వెళ్ళమని మాత్రం చెబుతాను. విశ్వాసం మనసుకు బలమిచ్చినంతవరకు అది సత్త్వావజయానికి తోడే. మరొకరి పేరు చెప్పమన్న క్షణం నుంచి అది వైద్యం కాదు.

మన ప్రాంతంలో జబ్బులకు కారణాలు కరువా? భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండి, అప్పుల లెక్కతో నిద్ర పట్టని ఇల్లాలు. రోజంతా వంగి కూర్చుని బీడీలు చుడుతూ పొగాకు దుమ్ము పీల్చే స్త్రీలు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య రాత్రి పాళీ చేసే కార్మికులు. రక్తహీనత, మూర్ఛ, ప్రసవానంతరం కలిగే మతిభ్రమణం. వీటన్నింటికీ నిదానం ఉన్నది, చికిత్స ఉన్నది. మనసుకు సంబంధించిన బాధలకు ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కనుక గృహిణులకు, గృహస్థులకు నా మనవి ఇది. పిల్లలు ఏ పుస్తకం చదివినా లాగివేయకండి; వారితో కలిసి చదవండి. మోతాదు చెప్పని పుస్తకంలోని మూలికను నోట పెట్టవద్దని చెప్పండి. జబ్బుకు కారణం ఆహారంలో, నీటిలో, నిద్రలో, మనసులో, శరీరంలో వెతకమన్న పుస్తకం ఏ భాషలో ఉన్నా ఇంట ఉంచుకోండి. మనిషిలో వెతకమన్న పుస్తకాన్ని, అది ఎంత పాతదైనా, ఎవరు ఇచ్చినా, ఇంటి గడప దాటనీయకండి.