మూడు ఎన్నికలు, ఒక్కొక్క సీటు

2014లో ఒకటి. 2018లో ఒకటి. 2023లోనూ ఒకటే. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది అసెంబ్లీ స్థానాల్లో టీఆర్ఎస్, తర్వాత పేరు మారిన బీఆర్ఎస్, గెలుచుకున్న లెక్క ఇది. కొత్తగూడెం, ఖమ్మం, భద్రాచలం. ఆ ఒక్కటి కూడా ఏనాడూ ఒక చోట నిలవలేదు.

ఇక్కడ తెలంగాణవాదం బలహీనమని హైదరాబాద్‌లో కూర్చొని చెప్పేవారున్నారు. 1969 నిప్పు రాజుకున్నదే పాల్వంచ, ఖమ్మంలలో. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు గనులు ఆపేశారు. వాదం బలంగానే ఉంది. ఆ వాదాన్ని మోసినవారికే పార్టీలో కుర్చీ దొరకలేదు.

2014లో తెలుగుదేశం అభ్యర్థిగా ఓడిన తుమ్మల నాగేశ్వరరావు అదే ఏడాది గులాబీ కండువా కప్పుకుని మంత్రి అయ్యారు. 2016లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ పొంగులేటి శ్రీనివాసరెడ్డి వచ్చారు, కాంగ్రెస్ ఎమ్మెల్యే పువ్వాడ అజయ్ కుమార్ వచ్చారు. ఒక్క ఒరలో మూడు కత్తులు! 2018లో పాలేరులో తుమ్మల ఓడారు. ఓడించిన కందాళ ఉపేందర్‌రెడ్డినే మరుసటి ఏడాది పార్టీలో చేర్చుకున్నారు. అదే ఏడాది సిట్టింగ్ ఎంపీ పొంగులేటిని పక్కనబెట్టి, తెలుగుదేశం నుంచి వచ్చిన నామా నాగేశ్వరరావుకు టికెట్ ఇచ్చారు. లాఠీదెబ్బలు తిన్న విద్యార్థి, జీతం వదులుకున్న ఉద్యోగి ఎవరి వర్గమో తేల్చుకోలేక ఇంట్లో కూర్చున్నారు. 2023లో పొంగులేటి, తుమ్మల కాంగ్రెస్‌కు వెళ్లి మంత్రులయ్యారు. భద్రాచలంలో గెలిచిన తెల్లం వెంకట్రావు సైతం 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్ కండువా కప్పించుకున్నారు.

ఈ కొట్లాటల నడుమ అడవి అంచు ఊళ్ల మాట ఎవరికి పట్టింది? 2014లో పోలవరం ముంపు పేరిట ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆ నిర్ణయం ఢిల్లీది, ఆ పాపం జిల్లా నాయకులకు అంటగట్టం. కానీ ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలైనా వెనక్కి ఇవ్వమని భద్రాద్రి జనం అడుగుతూనే ఉన్నారు. రాముడి గుడి తెలంగాణలో, రాముడి మాన్యం పురుషోత్తపట్నంలో. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ అడుగు మళ్లీ గట్టిగా వినిపించింది. నీరు తీసింది, మాట కూడా తీసింది.

తిరిగి రావాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. దానికి జిల్లా ఒక్క గొంతుతో ఢిల్లీకి పోవాలి. 2023 డిసెంబరు మంత్రివర్గంలో ఈ జిల్లావారే ముగ్గురు: భట్టి విక్రమార్క, తుమ్మల, పొంగులేటి. ముగ్గురూ ముందు ఒకే కారులో (పాత పార్టీ గుర్తని ఆ ఇద్దరూ మొహమాటపడనక్కరలేదు) ఎటపాక పోయి రావాలి. భద్రాచలం పొలిమేర దాటితే వచ్చే ఊరే అది.