మెదడులో పీటముడి

పత్తి చేలో మందు కొడుతున్న పాతికేళ్ల కుర్రాడు ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడ్డాడనుకోండి. జూలూరుపాడు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా, ఏ తండాలోనైనా మొదట వినిపించేవి మూడే మాటలు. ఎండ తగిలింది. మందు ఎక్కింది. కాదంటే, గాలి సోకింది. ఫిట్స్ కూడా వస్తే చేతిలో తాళంచెవులు పెట్టేవారొకరు, ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెట్టేవారొకరు. మెదడులో రక్తనాళం చిట్లిందేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు. అది అరవై దాటిన బీపీ మనుషులకు వచ్చే జబ్బని కదా మన లెక్క!

చిన్న వయసులో మెదడులో రక్తం చిమ్మడానికి ఉన్న కారణాల్లో ‘ఏవీఎం’ ఒకటి. పూర్తి పేరు ఆర్టీరియో వీనస్ మాల్‌ఫార్మేషన్. పేరు నోరు తిరగదు గానీ సంగతి రైతుకు ఇట్టే అర్థమవుతుంది. బోరు మోటారు నుంచి వచ్చే నీరు పెద్ద పైపులోంచి సన్న గొట్టాల్లోకి పాకి, వేగం తగ్గి, చుక్కచుక్కగా మొక్కకు చేరాలి. ఆ సన్న గొట్టాలే లేకుండా మోటారు పైపును తీసుకెళ్లి మెత్తటి గొట్టానికి నేరుగా తగిలిస్తే? ఉబ్బుతుంది, ఏదో ఒక రోజు పగులుతుంది. మెదడులోనూ అంతే. గుండె నుంచి జోరుగా రక్తం తెచ్చే ధమనికీ, దాన్ని వెనక్కి తీసుకెళ్లే పల్చటి సిరకూ మధ్య వెంట్రుకంత కేశనాళికలు ఉండాలి. ఏవీఎంలో అవి ఉండవు. ధమనులూ సిరలూ పీటముడి పడి ఉంటాయి.

ఇది అరుదు. లక్ష మంది పెద్దవాళ్లలో 10 నుంచి 18 మందికి ఉంటుందని అంచనా. కాబట్టి తల నొప్పిగా ఉన్న ప్రతివారూ స్కానింగ్ సెంటర్‌కి పరుగెత్తనక్కర్లేదు. అయితే జీవితంలో ఎన్నడూ లేనంత నొప్పి పిడుగు పడ్డట్టు రావడం, వెంటనే వాంతులు, మాట తడబడటం, ఒక చెయ్యీ కాలూ పట్టు తప్పడం, పెద్దయ్యాక మొదటిసారి ఫిట్స్ రావడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం పనికిరాదు. ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. నోట్లో ఏదీ కుక్కకూడదు. పక్షవాతమేనని తేల్చేసి ఎవరో ఇచ్చిన ఆస్పిరిన్ మింగించడం మరీ ప్రమాదం. కారుతున్న రక్తం గడ్డకట్టకుండా అది అడ్డుపడుతుంది.

మొదటి పరీక్ష సీటీ స్కాన్. నిమిషాల్లో అయిపోతుంది. తాజాగా చిమ్మిన రక్తం అందులో తెల్లగా కనిపిస్తుంది. ఖమ్మం వెళ్లాలా, కొత్తగూడెం వెళ్లాలా అన్నది ఆ వేళకు సీటీ ఎక్కడ దొరుకుతుందన్న దాన్నిబట్టి తేల్చుకోవాలి. కానీ సీటీ బాగుందన్నారు కదా అని ఊరుకోవడానికీ లేదు. చిట్లని ముడి మామూలు సీటీలో తప్పించుకుపోవచ్చు. ఎంఆర్ఐలో అయితే జోరుగా పారే రక్తం నల్లటి పురుగుల్లా మెలికలు తిరిగి కనిపిస్తుంది. ముడి మాటలు పలికించే చోట ఉందా, చెయ్యి కదిలించే చోట ఉందా అన్నదీ తెలుస్తుంది.

అసలు గుట్టు బయటపెట్టేది డీఎస్ఏ అనే యాంజియోగ్రామ్. పోర్చుగల్ వైద్యుడు ఈగాస్ మోనిజ్ 1927లో మొదలుపెట్టిన పద్ధతికి ఇది నేటి రూపం. గజ్జల్లోంచో మణికట్టులోంచో సన్నని గొట్టం పంపి, అయోడిన్ ఉన్న మందు వదిలి, రక్తం పరుగును సినిమాలా తీస్తారు. ధమనిలో మందు ఇంకా ఉండగానే సిర నల్లబడితే దొంగ దొరికినట్టే. ముడికి ఎన్ని ధమనులు రక్తం పోస్తున్నాయి, గిజిగాడి గూడులాంటి దాని నడిబొడ్డు ఎంత ఉంది, దారిలో ఎక్కడైనా బుడగలున్నాయా అన్నవన్నీ చూస్తారు. ముందుగా కిడ్నీల పనితీరు, ఎలర్జీలు ఆరా తీస్తారు. ఒక్కోసారి గడ్డకట్టిన రక్తం నొక్కేయడంతో ముడి మొదటి డీఎస్ఏలో కనిపించదు. కొన్ని వారాలాగి మళ్లీ తీయాలంటారు. డబ్బుల కోసం రెండుసార్లు తీస్తున్నారని అనుమానపడేది ఇక్కడే. నిజానికి ఆ రెండో పరీక్ష మానేస్తేనే నష్టం.

ముడి దొరికాక లెక్క వేస్తారు. 1986లో అమెరికా వైద్యులు స్పెట్జ్‌లర్, మార్టిన్ చెప్పిన లెక్క ఇది. 3 సెంటీమీటర్ల లోపుంటే 1, 3 నుంచి 6 అయితే 2, అంతకు మించితే 3. మాట, చూపు, కదలిక వంటి కీలకమైన చోట ఉంటే ఇంకో 1. రక్తం మెదడు లోతుల్లోని సిరల్లోకి పోతుంటే మరో 1. రెండున్నర సెంటీమీటర్లుండి పైపైన, అంత కీలకం కాని చోట ఉన్న ముడికి 1. నాలుగు సెంటీమీటర్లతో మాటల కేంద్రంలో కూర్చుని లోతు సిరలోకి పారేదానికి 4. ఒకటి, రెండు గ్రేడులను ఆపరేషన్‌తో తీసేయడం తేలిక. మూడు మనిషిని బట్టి. నాలుగు, అయిదు చాలాసార్లు ముట్టుకోరు.

ఇక్కడే చాలా కుటుంబాలు పొరబడతాయి. ఈ గ్రేడు ఆపరేషన్ ఎంత కష్టమో చెబుతుంది తప్ప ముడి ఎప్పుడు చిట్లుతుందో చెప్పదు. చిట్లే ముప్పు సగటున ఏడాదికి 2 నుంచి 4 శాతం. ఇంతకుముందే ఒకసారి చిట్లినా, లోతుగా ఉన్నా, బుడగలున్నా అంతకంటే ఎక్కువ. ఏడాదికి తక్కువే అనిపించినా, పాతికేళ్ల వాడి ముందు ఇంకా ఎన్నేళ్లున్నాయో చూడాలి. అలాగని చిట్లని ప్రతి ముడినీ తీసేయాలనీ కాదు. 226 మందితో జరిగి 2014లో ఫలితాలు వెలువడిన ‘అరూబా’ పరిశోధనలో, సుమారు మూడేళ్ల లోపు చూస్తే, ముట్టుకోకుండా మందులతో నెట్టుకొచ్చినవారే మెరుగ్గా ఉన్నారు. జీవితకాలపు ముప్పును మూడేళ్లతో ఎలా తూస్తారని చాలామంది సర్జన్లు దానితో విభేదించారు. వాదం ఇంకా తెగలేదు. చిన్న ముడులకు రేడియేషన్ ఉంది గానీ అవి మూసుకుపోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందాకా చిట్లే భయం అలాగే ఉంటుంది.

అందుకే న్యూరోసర్జన్ ‘ఆగి చూద్దాం’ అంటే అది చేతులెత్తేయడం కాదు. ‘చేద్దాం’ అంటే మాత్రం గ్రేడు ఎంత, ఇంతకుముందు రక్తం చిమ్మిన ఆనవాళ్లున్నాయా, బుడగలున్నాయా అని అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌కో మరో పెద్దాసుపత్రికో రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సంచిలో పెట్టుకుంటే చాలదు. ఫిల్ములు, సీడీ కూడా తీసుకెళ్లాలి. అవి లేకపోతే అక్కడి డాక్టరు మళ్లీ మొదటి నుంచీ తీయించమంటారు.