కప్పు వచ్చింది, క్లబ్బు వెళ్లిపోయింది

2022 మార్చి 20, ఆదివారం రాత్రి. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నేనింకా మా దేవరాపల్లిలోనే ఉన్నాను. అప్పటికి మాది విశాఖ జిల్లానే. అనకాపల్లి జిల్లా పుట్టడానికి ఇంకో రెండు వారాలుంది. డాబా మీద ఒక ఫోను, దాని చుట్టూ నలుగురం. సిగ్నల్ ఉంటే బొమ్మ ఆడుతోంది, లేకపోతే మధ్యలో సున్నా గిర్రున తిరుగుతోంది.

ఫోన్‌లో ఐఎస్ఎల్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్.

"ఒరే, ఇంకో ఆరు రోజులాగితే ఐపీఎల్ వచ్చేస్తాది. దీనికేటిరా ఇంత గోల?" అన్నాడు మా బావ. అన్నాడే గానీ, కిందికి మాత్రం దిగలేదు.

ఆ సీజన్ సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019లో. మొదటి సీజన్లో 18 మ్యాచ్‌లకు గెలిచినవి రెండే, చివరి స్థానం. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. రెండో సీజన్లో ఐదో స్థానం. మూడోదానికి, అంటే 2021–22కి, లీగ్‌లో రెండో స్థానం. నైజీరియా స్ట్రైకర్ ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకెళ్లాడు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ని రెండు మ్యాచ్‌లు కలిపి 3–2తో ఇంటికి పంపారు.

ఇక ఫైనల్. గోవాలోని ఫటోర్డా స్టేడియం నిండా కేరళ అభిమానులే, ఎటు చూసినా పసుపే. తమాషా ఏంటంటే ఆ రోజు పసుపు జెర్సీ వేసుకుంది మనవాళ్లు! జనం వాళ్లది, రంగు మనది. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. మా బావ "అయిపోయింది, పదండి" అన్నాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నెట్‌లో పడింది. మా అరుపుకి కింద నుంచి అమ్మ, "ఏటయింది బాబూ, ఎవరైనా పడిపోయారా?" అని కంగారుగా మెట్లెక్కేసింది.

ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు. పెనాల్టీలు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి, గోవా మనిషి. కేరళ నాలుగు కిక్కులు కొడితే మూడు ఆపేశాడు. 3–1. కప్పు హైదరాబాద్‌ది.

ఆ రాత్రి నిద్ర పట్టక యూట్యూబ్‌లో పెనాల్టీ వీడియోలు చూస్తూ పోతే 1986 దగ్గర ఆగాను. మే 7, స్పెయిన్‌లోని సెవిల్లె. యూరోపియన్ కప్ ఫైనల్‌లో బార్సిలోనా మీద రొమేనియా క్లబ్ స్టౌవా బుకారెస్ట్. స్టేడియంలో దాదాపు అందరూ బార్సిలోనా వాళ్లే. 120 నిమిషాలాడినా 0–0. పెనాల్టీల్లో హెల్ముట్ డుకాడమ్ అనే గోల్‌కీపర్ నాలుగుకి నాలుగూ ఆపేశాడు. 2–0. అదే ఏడాది రొమేనియా లీగ్ కూడా వాళ్లదే. తూర్పు యూరప్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి జట్టు అదే.

నాకు భలే అనిపించింది. డుకాడమ్ నాలుగు, కట్టిమణి మూడు. పరాయి ఊళ్లో, అవతలి జట్టు జనం మధ్య. అచ్చం ఒకే కథ కదా అనుకున్నాను. కాదని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ఆ ఏడాదే ఆఫీసుకి రమ్మన్నారు, హైదరాబాద్ వచ్చేశాను. జీతంలోంచి ఒక పసుపు జెర్సీ కొన్నాను. గచ్చిబౌలి స్టేడియంలో మ్యాచ్‌లు చూశాను. చాంపియన్ టీమ్, కోటి జనాభా దాటిన నగరం, అయినా నాకు కావాల్సిన చోట కూర్చునేంత ఖాళీ! 2022–23లో కూడా లీగ్‌లో రెండో స్థానమే. ఆసియా స్థాయి టోర్నీకి ప్లేఆఫ్ దాకా వెళ్లి, మళ్లీ మోహన్ బగాన్ చేతిలోనే ఓడిపోయారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చినట్టు.

అక్కడి నుంచి అంతా జారుడుబల్లే. కోచ్ వెళ్లిపోయాడు. జీతాల బకాయిల వార్తలొచ్చాయి. కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. 2023–24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. మిగిలిన కుర్రాళ్లు పాపం, ఓడతామని తెలిసీ ప్రతి వారం దిగారు. యాజమాన్యం మారింది. చివరికి 2025లో ఆ టీమ్ పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. కప్పు కొట్టి నాలుగేళ్లు కూడా నిండలేదు.

నా జెర్సీ అల్మారాలో ఉంది. టీమ్ లేదు.

ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. కప్పు గెలిచిన ఆ సీజన్లో హైదరాబాద్ టీమ్ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోవిడ్ వల్ల లీగ్ మొత్తం గోవా బబుల్‌లోనే జరిగింది. ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. అది వాళ్ల తప్పని కాదు, వాళ్లు ప్రాణం పెట్టి ఆడారు. కానీ ఆ టీమ్‌కీ మన నేలకీ మధ్య ఉన్న తాడు చాలా సన్నం. ఒక్క గుంజుకే తెగిపోయింది.

స్టౌవా అలా కాదు. అది రొమేనియా సైన్యం క్లబ్బు, ఫైనల్ ఆడినవాళ్లంతా ఆ దేశపు కుర్రాళ్లే. తర్వాత పేరు ఎవరిదని కోర్టులకెక్కి కొట్టుకున్నారు, అది వేరే రామాయణం. కానీ కొట్టుకోవడానికైనా ఎవరో ఒకరు ఉన్నారు. మన టీమ్ వెళ్లిపోతుంటే ఎవరు అడ్డుపడ్డారు?

ఇంకో మాట. అలాంటి క్లబ్బు మనకీ ఉండేది. 1950 నుంచి 1954 దాకా ముంబైలో జరిగే రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950లో డ్యూరాండ్ కప్ కూడా వాళ్లదే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, స్కూలు మాస్టారు. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది ఆయన పాత్రే. ఎడమకాలు బలపడాలని, కుర్రాళ్లకి బలహీనమైన కాలితోనే ఆడే టోర్నీలు పెట్టిన మనిషి. ఆటగాళ్లకి పోలీసు ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం, ఆడుకోవడానికి ఊళ్లోనే గ్రౌండ్. ఆ పునాది మీదే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీమ్ కోచ్‌గా ఇండియా సెమీస్ ఆడింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాద్ వాళ్లు బోలెడుమంది.

మా ఐటీ వాళ్లకి ఇది బాగానే అర్థమవుతుంది. డెమో అదరగొట్టడం వేరు, సర్వర్ పదేళ్లు పడిపోకుండా నడపడం వేరు. కప్పు ఒక సీజన్లో కొట్టొచ్చు. క్లబ్బు మాత్రం ఊళ్లో మొలవాలి.

మొన్న పండక్కి ఊరెళ్లాను. రైవాడ కాలువ పక్క కోసేసిన పొలంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఓ పక్కన నలుగురు గుంటలు గాలి తగ్గిన ఫుట్‌బాల్ తన్నుకుంటున్నారు, రెండు జతల చెప్పులు గోల్‌పోస్టులు. పెనాల్టీలాట. గోల్‌కీపర్‌గా నిలబడ్డవాడు ఒకటి ఆపి, నా వైపు చూసి, "అన్నియ్యా, మీరూ ఓటి కొడతారేటి?" అన్నాడు.

కొట్టాను. ఆపేశాడు.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఆన్‌లైన్‌లో ఒక మంచి బంతి, ఒక పంపు ఆర్డర్ పెట్టాను. అడ్రస్ దేవరాపల్లి.