పేట నుంచి – 19: ఓడెక్కిన సంఘం, విమానమెక్కిన టీము



పరిచర్య అనే మాటని మన సంఘాలు వాడుతున్న తీరు చూస్తుంటే తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాడిగా నాకు ఒళ్లు మండుతోంది. చర్య అంటే మెలగడం. పరి అంటే చుట్టూ. ఒక మనిషి చుట్టూ మసలుతూ, అడక్కముందే అవసరం కనిపెట్టి చేసేది పరిచర్య. మంచాన పడ్డ తల్లికి కూతురు చేసేది పరిచర్య. తిరుగు టిక్కెట్టు జేబులో పెట్టుకుని, టీమంతా ఒకే రంగు టీషర్టు తొడుక్కుని, పది రోజులకి దిగేదానికి ఆ మాట చెల్లదు. దానికి వేరే మాట ఉంది. యాత్ర.

ఈ మధ్య మా కాలేజీలో బీఏ చదివే అమ్మాయి ఒక కాయితం పట్టుకొచ్చింది. నగరంలో ఉన్న ఒక పెద్ద సంఘం కుర్రకారుని తూర్పు ఆఫ్రికాకి ఔట్‌రీచ్ టీముగా తీసుకెళ్తోంది. మనిషికి లక్షా తొంభై వేలు. సగం ఎవరికి వాళ్లు పోగుచేసుకోవాలి, మిగతా సగం విశ్వాసంతో వస్తుందట. విశ్వాసం అంటే ఇక్కడ వాళ్లమ్మ తీసే డ్వాక్రా లోను అని అర్థం. ఆవిడ సీజనంతా నూజివీడు తోటల్లో కాయలు ఏరే కూలీ. కాయితం పైన ఒక ఫొటో ఉంది. మన తెలుగు కుర్రాడొకడు నల్ల పిల్లల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, ఒకణ్ణి ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆ ఫొటో నాకు తెలుసు. ముప్పై ఏళ్ల కింద మా పేటలో తీశారు. అప్పుడు మధ్యలో కూర్చుంది తెల్లావిడ. చుట్టూ ఉన్న చీమిడి ముక్కుల్లో ఒకటి నాది.

మాది బాపులపాడు మండలం. గన్నవరం విమానాశ్రయం నుంచి హైవే ఎక్కితే అరగంటలో హనుమాన్ జంక్షన్, అక్కణ్ణుంచి నూజివీడు రోడ్డు పట్టుకుంటే మామిడి తోటలు. తోటలు ఎవరివో, కాయలు కోసేది ఎవరో చెప్పక్కర్లేదు. చిక్కం కట్టిన గెడ పట్టుకుని చెట్టెక్కేవాడు మావాడు. కింద కూర్చుని రసాలనీ బంగినపల్లినీ కలెక్టరునీ వేరుచేసేది మా ఆడవాళ్లు. విదేశీ టీములు మా పేటకి వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో. చల్లగా ఉంటుంది, క్రిస్మస్ స్టార్లు వేలాడుతుంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. మే నెల ఎండలో మావాళ్లు చెట్ల మీద ఉన్నప్పుడు ఒక్క టీము వచ్చిన గుర్తు లేదు. తోట గుత్తకి తీసుకున్నవాణ్ణి కూలి రేటెంతని అడిగిన వాలంటీరుని ఇంతవరకు నేను చూడలేదు. చర్చి గోడకి రంగు వేస్తారు. మా పేటలో గోడకి రంగు వేయడం వచ్చినవాళ్లు వీధికి నలుగురున్నారు, పని లేక జంక్షన్లో నిలబడి ఉంటారు. వాళ్లకి రెండు రోజుల కూలిచ్చి బ్రష్షు చేతికిస్తే పోయే పనికి సముద్రాలు దాటి రావాలా?

మిషనరీలందర్నీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. వచ్చి, తెలుగు నేర్చి, ఇక్కడి మట్టిలోనే కలిసినవాళ్లున్నారు. రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చాడు, 1865లో బందర్లోనే పోయాడు. (ఆయన బడి పై కులాల పిల్లల్ని చూసుకుని పెట్టింది. ఆ లెక్క ఇంకో భాగంలో తేలుద్దాం.) నేను మాట్లాడేది ఇరవై నాలుగేళ్లు ఉన్నవాళ్ల గురించి కాదు, పది రోజులవాళ్ల గురించి.

ఆ పది రోజుల్లో తీసిన ఫొటో ఏం చేస్తుందో ఆ టీములకి తెలియదు. తీసుకొచ్చిన పాస్టరుగారికి మాత్రం బాగా తెలుసు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. మనల్ని చేర్చలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ చేర్చమని 2007లో చెప్పింది. 2023లో మన అసెంబ్లీ తీర్మానం చేసి పంపింది. ఎక్కడి గొంగళి అక్కడే. 2025లో మన హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవాడు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టలేడని తేల్చింది. కులం పేరు పెట్టి తిట్టి కొట్టేవాడు మన మెడలో ఏముందో చూసి కొట్టడు కదా! అయినా తీర్పు అది. ఇప్పుడు ఆలోచించండి. ఎస్సీ సర్టిఫికెట్టు మీద పిల్లల్ని చదివించుకునే ఇంటి ముందు తెల్లదొరలు చేతులు చాచి ప్రార్థన చేస్తున్న ఫొటో, ఇంటిల్లిపాది మొహాలతో సహా నెట్లో పెడతారు. ఎవడో ఒకడు కలెక్టరాఫీసులో ఫిర్యాదు పెట్టడానికి అది చాలు. టీము ఇంటికి వెళ్లి తమ చర్చిలో స్లైడ్ షో వేసుకుంటుంది. నోటీసు పేటకి వస్తుంది.

ఇది చదివి చంకలు గుద్దుకునే బ్యాచీ ఒకటుంది. చూశారా, వీళ్లే ఒప్పుకుంటున్నారు, అంతా విదేశీ డబ్బు, బియ్యం మతం అని మొదలుపెడతారు. ఆగండి. మీ సంగతీ చెప్తాను. బియ్యం కోసం వెళ్లారంటున్నారే, అసలు ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లారో చరిత్ర తిరగేయండి. మన కృష్ణా జిల్లాలో రాఘవాపురం మాల వెంకయ్య, పగోలు వెంకయ్య, దోపిడీ దండుకి నాయకుడని పేరుపడ్డ మనిషి, 1859లో బెజవాడలో ఉన్న డార్లింగు దొరని తనే వెతుక్కుంటూ పోయాడు. యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. యోగుల దగ్గర కూర్చుని సాధన చేసినవాడు. 1866లో ఒంగోలు పోయి క్లౌ దొరని కలిసింది ఆయనే. ఆ దొర వచ్చి పేరయ్యని కనుక్కోలేదు. మహా కరువు వచ్చింది 1876లో. పేరయ్య బాప్తిస్మానికి పదేళ్ల తర్వాత. పదేళ్లు ముందుగానే బియ్యం వాసన పసిగట్టాడంటారా? గుడి మెట్టు ఎక్కనివ్వని ఊళ్లో, దేవుడి గురించి తనంత తనే అడగడానికి బయల్దేరిన మనిషి అతను. జాషువా గబ్బిలం చేత కబురు పంపించాల్సి వచ్చింది ఎందుకో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక అసలు విషయం. ఔట్‌రీచ్ మనకి కొత్త కాదు. సముద్రం దాటి వెళ్లడమూ కొత్త కాదు. మన సంఘాల చరిత్రలో దాచిపెట్టుకోవాల్సిన పేజీ ఒకటుంది, మన యూత్ లీడర్లలో ఒక్కడికీ తెలియదు.

1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి మన దేశం నుంచి లక్షన్నర మందిని ఐదేళ్ల ఒప్పందం మీద ఓడలెక్కించారు. ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లే, తెలుగువాళ్లు వేలల్లో. ఆ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం కూడా రాశారు. సముద్రం దాటినా కులం కాయితం మీద వెంటే ఉంది. మగవాడికి నెలకి 10 షిల్లింగుల జీతం, ఆడదానికి అందులో సగం. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోదామంటే 1895 చట్టంతో ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు. అంటే ఆరు నెలల జీతం. ఆ కూలీల్లో తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. మాకో కాపరి కావాలని ఇంటికి కబురు పెట్టుకున్నారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య భార్యాబిడ్డలతో ఓడెక్కారు. పంపింది అమెరికా బోర్డు కాదు. తెలుగు సంఘాలవాళ్లు తమకి తాముగా పెట్టుకున్న హోం మిషన్ సొసైటీ. ఆ సంఘాల్లో అత్యధికులు మాదిగలు, ఆ మహా కరువులో చావు తప్పి బతికినవాళ్లూ వాళ్ల పిల్లలూ. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం పక్కన తీసే అలవాటు మా నాయనమ్మ చచ్చిపోయేదాకా మానలేదు. అలాంటి పొదుపులో పుట్టిన డబ్బు ఎంత బరువుంటుందో నేను చెప్పక్కర్లేదు.

రంగయ్యగారు పోయిన ఏడాదే, డిసెంబరులో, కర్స్‌నీ టీ ఎస్టేటులో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం కట్టారు. ఎస్టేటు నుంచి ఎస్టేటుకి తిరిగారు. 1915లో చనిపోయేదాకా అదే పని. పన్నెండేళ్లు. తన భాష మాట్లాడేవాళ్ల దగ్గరికి, తన ఊళ్ల నుంచి పోయినవాళ్ల దగ్గరికి, వాళ్లు పిలిస్తే వెళ్లారు. పిలవడం, భాష, ఉండిపోవడం. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి దాన్ని నేను పరిచర్య అంటాను.

మరి ఇవాళ మన నాటాల్ ఎక్కడుంది? కువైట్లో ఉంది.

మా పేట నుంచే నలుగురు ఆడవాళ్లు అక్కడ ఇళ్లల్లో పనిచేస్తున్నారు. గోదావరి జిల్లాల్లో, కడపలో ఊళ్లకి ఊళ్లే ఉన్నాయి. ముప్పై ఏళ్లు నిండని ఆడమనిషిని ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన. ఇంటిపనికి పోయే ఆడవాళ్లని ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాలి. ఇవన్నీ తప్పించుకోవడానికి ఏజెంటు విజిట్ వీసా మీద ఎక్కిస్తాడు. అలా పోయినామెకి ఒప్పందం ఉండదు. 275 రూపాయలు కడితే రెండేళ్లకి 10 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండదు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటుంది. వారానికి ఒకరోజు సెలవివ్వాలని కువైట్ 2015లో చట్టం చేసింది, కానీ తలుపు తాళం యజమానురాలి చేతిలో ఉంటే చట్టం గోడ అవతలే నిలబడుతుంది. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కూలీలుండే బిల్డింగు తగలబడి 45 మంది భారతీయులు చచ్చిపోయారు. ముగ్గురు మన రాష్ట్రం వాళ్లు. ఆ వారం మన సంఘాల్లో ఎన్నింట్లో వాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేశారు?

కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారం భాష వెంట భాష ఆరాధనలు నడుస్తాయి. తెలుగు ఆరాధన కూడా ఉంది. అక్కడ వీధిలో నిలబడి సువార్త చెప్పడం కుదరదు, ఎవరి మతమూ మార్చలేరు. చేయగలిగిందల్లా ఒక్కటే. సెలవు దొరికి వచ్చిన మనిషి చెప్పేది వినడం, ఎంబసీకి తోడు వెళ్లడం, జీతం రాకపోతే అర్జీ రాసిపెట్టడం, చచ్చిపోతే శవం ఇంటికి చేరే కాయితాలు చూడటం. డ్రైవర్లు, నర్సులు, వంటవాళ్లు తమ సెలవు రోజు వదులుకుని చేసే పని ఇది. వాళ్ల మెడలో ఏ టీము బ్యాడ్జీ ఉండదు.

నగరం సంఘాలు కెన్యా పోతామంటాయి గానీ కువైట్ ఎందుకు అనవు? మీరే చెప్పండి. కెన్యాలో పిల్లవాడు మన కులం అడగడు. మనం ఏ పేట నుంచి వచ్చామో, మన చర్చిలో మాలలెవరో మాదిగలెవరో, పై కులం విశ్వాసులకి వేరే వరస ఎందుకుందో ఆ పిల్లవాడికి తెలియదు. నవ్వుతాడు, ఫొటో వస్తుంది. కువైట్లో ఉన్న ఆడమనిషి మాత్రం మన పేట మనిషి. ఆమె నోరు విప్పితే మొదట వచ్చే మాట, నన్ను ఇక్కడికి పంపిన ఏజెంటు ఫలానా ఆయన అని. ఆ ఫలానా ఆయన ఆదివారం మన చర్చిలో ముందు వరస కుర్చీలో కూర్చుంటాడు. దశమభాగం ఇస్తాడు. కొత్త సౌండ్ సిస్టం ఆయన కొనిచ్చిందే.

సముద్రాలు దాటొద్దని నేను ఎవరికీ చెప్పను. తరతరాలుగా ఊరి చివర కట్టేసిన జాతి మనది, ఎంత దూరమైనా పోవాల్సిందే. ఆ అమ్మాయికి కూడా పోవద్దని చెప్పలేదు. ఎవరు పిలిచారమ్మా నిన్ను అని మాత్రం అడిగాను. సంఘ పెద్దల్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి. జనవరి టీముకి దండలు ఆర్డరిచ్చే ముందు కమిటీ మీటింగులో అడగండి. పిల్లల ఫొటోలు తీయడానికి వాళ్ల అమ్మానాన్నల అనుమతి ఎవరు తీసుకుంటున్నారు? రంగు డబ్బులు పేటలో పెయింటర్లకి ఇస్తారా ఇవ్వరా? మన సంఘం నుంచి గల్ఫ్ పోయిన ప్రతి మనిషి పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు, కఫీల్ ఫోను, ఇంటి దగ్గర ఎవరికి కబురు చేయాలో రాసిన పుస్తకం ఒకటి పెట్టండి. బాప్తిస్మాల రిజిస్టరు పక్కనే ఉండాలి అది. వీసా ఏ రకమో రాయండి. పంపిన ఏజెంటు పేరు కూడా రాయండి. సౌండ్ సిస్టం కొనిచ్చినా సరే రాయండి.