ఒరవడి దిద్దుట

పోలవరమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఇటలీదేశపు చిత్రకారుడు ఫ్రా ఫిలిప్పో లిప్పి 1460 ప్రాంతమున రచించిన మేరీమాత చిత్రపు అచ్చుప్రతిని ముందుంచుకొని, ఆమె తైలవర్ణములతో నకలు తీయుచున్నారట. ముఖము మూడుమాఱులు చెడినది. చూచి వ్రాసినది నీ చిత్రమెట్లగునని మఱదులు నవ్వుచున్నారు. అన్యమతపు బొమ్మ మనకేల యని అత్తగారు నొచ్చుకొనుచున్నారు. కుంచెలు మూటగట్టి అటుకమీద పెట్టుదునా యని ఆమె ప్రశ్న.

పెట్టవలదు. మొదట మఱదుల మాట. వారును పలకమీద ఒరవడి దిద్దియే అక్షరములు నేర్చియుందురు. 1400 ప్రాంతమున చెన్నీనో చెన్నీని చిత్రకళపై వ్రాసిన గ్రంథమున, మేలైన గురువు నొక్కని నెన్నుకొని నిత్యము ఆతని చిత్రములనే చూచి వ్రాయుమని విద్యార్థికి చెప్పినాడు. లిప్పి శిష్యుడైన బొట్టిచెల్లి సైతము తొలినాళ్లలో ఒక మేరీమాత చిత్రమును గురువుగారి యీ చిత్రపు పోకడనే రచించెను. నకలుపై మూలకర్త పేరు వ్రాసి, చూచి వ్రాసినదని చేర్చుడు. ఇక నవ్వుటకేమి యుండును?

చెన్నీని గ్రంథమును 1899లో ఆంగ్లమున వెలువరించినది క్రిస్టియానా హెరింగ్‌హామ్ అను స్త్రీ. ఆమె ప్రాచీన ఇటలీ చిత్రములకు నకళ్లు తీసి చేయి కుదుర్చుకొని, 1909–11 నడుమ అజంతాకు వచ్చి గుహాచిత్రములకు నకళ్లు తీసినది. నందలాల్ బోసు మొదలగు వంగ చిత్రకారులును, హైదరాబాదునుండి సయ్యద్ అహమ్మదును, ఫజలుద్దీనును తోడ్పడిరి. ఈ సంగతి అత్తగారికి చెప్పుడు. అంతకన్న ఆ చిత్రమునే చూపుడు: తల్లి చేతులు జోడించి తన బిడ్డకే నమస్కరించుచున్నది. యశోద కథ యెఱిగిన పెద్దవారికి వేఱు వ్యాఖ్య యక్కఱలేదు.

ఇక ముఖము. సోదరి పంపిన ఛాయాచిత్రము చూచితిమి; తెల్లని గుడ్డపై నేరుగ గులాబివన్నె పూసినారు. మూలము తైలచిత్రము కాదు, గ్రుడ్డుసొనతో రంగు కలిపి కొయ్యపలకపై వ్రాసినది. (పడుచువారి ముఖములకు పట్టణపు కోడిగ్రుడ్డు లేతసొన, ముసలివారి ముఖములకు పల్లెకోడి గ్రుడ్డు ఎఱ్ఱసొన వాడుమని చెన్నీని విధి! వంటయింటివారికి నచ్చు మాట.) ఆ కాలపువారు శరీరచ్ఛాయ క్రింద మొదట ఆకుపచ్చని మన్నురంగు పూసి, అది యారినపిదప పలుచని పొరలుగ గులాబి వేసెడివారు. నీడలందు ఆ పచ్చ లీలగ తోచుటచే ముఖమునకు జీవము వచ్చును. తైలములోను ఇట్లే చేయవచ్చును. అంగళ్లలో టెర్ వెర్ట్ అని యమ్ము రంగును టర్పెంటైనుతో పలుచన చేసి పూయుడు. పైపొరలకు క్రమముగ అవిసెనూనె హెచ్చింపవలెను. క్రింద జిడ్డు, పైన పొడి యైనచో పగుళ్లు తప్పవు. నూనె నీరువలె ఆవిరియై యారదు, గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. గోదావరి పొంగి గాలి చెమ్మగిల్లు శ్రావణ భాద్రపదములలో తొందరపడరాదు. సీసపు తెలుపు విషము. పిల్లలున్న యింట టైటానియము తెలుపే వాడుడు.

రెండవ లోపము రంగుది కాదు. సోదరి తల్లి పెదవులపై చిఱునవ్వు చేర్చినారు. మూలమున నవ్వునది ముందు నిలిచిన దేవదూత బాలుడు. తల్లి కన్నులు వాల్చియున్నది. బిడ్డకు రానున్న ఆపద ఆమె యెఱుగునని పలువురు వ్యాఖ్యానింతురు. తల్లి యనగానే నవ్వవలెనని మనకు తోచును. ఆ తోచినదానినే మూడుమాఱులు వ్రాసి, ఎదుటనున్నదానిని సోదరి చూడలేదు. ఈమాఱు ముఖము జోలికి పోక ముందుగ ఆ జోడించిన చేతులను వ్రాయుడు. పలుచని మేలిముసుగును అన్నిటికి చివర, క్రింది వన్నె పూర్తిగ ఆరిన తరువాతనే వేయవలెను.

అచ్చుప్రతిలో పూతల మందము తెలియదు. రాజమహేంద్రవరము వెళ్లినపుడు దామెర్ల రామారావుగారి (1897–1925) పేరిటనున్న చిత్రశాలలో చేతితో వ్రాసిన చిత్రముల కెదుట నిలిచి చూడుడు. ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. నాలుగవ ముఖము ఆరినపిదప మాకు మరల ఛాయాచిత్రము పంపవలెను.